నేలపట్టు, ఉప్పలపాడు: కొంగ పిల్లల ఫోటోలకి ఎంత దగ్గరకి వెళ్లొచ్చు?

నెల్లూరు నాని
జనవరి 8, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. ఈమధ్యే దూరపు ఫోటోలు తీసే 150-600 లెన్స్ కొన్నాను. సంక్రాంతి సెలవుల్లో పక్షి పిల్లల ఫోటోలు తీద్దామని ఆశ. మాకు పులికాట్, నేలపట్టు రెండూ దగ్గరే. ఫ్లెమింగో పిల్లలు ఎక్కడ బాగా దొరుకుతాయి? గూట్లో తల్లి పిల్లలకి మేత పెడుతున్న ఫోటో ఒక్కటన్నా పడాలి. ఈ లెన్స్ చాలుతుందా, లేక ఇంకాస్త దగ్గరకి పోయే దారేమన్నా ఉందా?

పులికాట్ పంతులు
జనవరి 8, రాత్రి 10.15

నాని బాబూ, ముందు ఫ్లెమింగో సంగతి తేల్చేద్దాం. పులికాట్‌లో అవి గూళ్లు పెట్టవు. మేతకొస్తాయి, అంతే. మన దేశంలో వాటి గూళ్లు చూడాలంటే గుజరాత్‌లో కచ్ రణ్ వైపు పోవాలి. పింక్ గుంపు మధ్యలో బూడిదరంగువి కొన్ని కనిపిస్తాయి. అవి ఇంకా రంగు తిరగని కుర్ర పక్షులు, రెక్కలొచ్చి ఎగిరొచ్చినవే.

పిల్లలు కావాలంటే నేలపట్టుకే పో. హైవే మీద దొరవారిసత్రం దగ్గర దిగితే ఎవరైనా దారి చెబుతారు. చెరువు నీళ్లలో కడప చెట్లు, వాటి మీద గూడబాతులు (పెలికన్లు), నత్తగుల్ల కొంగలు (ఓపెన్‌బిల్), తెల్ల కంకణాలు (ఐబిస్‌లు), నీటికాకులు, నైట్ హెరాన్‌లు. 1976లో అభయారణ్యం అయింది. గూడబాతులు గూళ్లు పెట్టే పెద్ద చోట్లలో ఇదొకటి. పిల్లలకి చేపలు మాత్రం పులికాట్ నుంచి మోసుకొస్తాయి. అక్టోబరు నుంచి మార్చి దాకా సీజన్ కాబట్టి నువ్వు సరైన టైముకే అడిగావు.

ఇంకో మాట. అక్కడ ఎవరైనా 'సైబీరియా పక్షులు' అంటే నవ్వి ఊరుకో. పేపర్లు కూడా ఏళ్ల తరబడి అదే రాస్తున్నాయి. పై దేశాల నుంచి చలికాలం వచ్చే బాతులు అక్కడే గుడ్లు పెట్టుకుని ఇక్కడికి తిండికొస్తాయి. మన చెరువు మీద గూడు కట్టిన కొంగ మన కొంగే.

లెన్స్‌లవర్
జనవరి 8, రాత్రి 11.02

నేలపట్టు టవర్ నుంచి 600 అంటే పిల్ల ఫ్రేములో బఠాణీ గింజంత వస్తుంది. నిజం చెప్పాలి కదా. ఉప్పలపాడు పో నాని. గుంటూరు పక్కనే, ఊరి చెరువు. 400 పట్టుకుంటే ఫ్రేము నిండిపోతుంది. ఎర్రకాళ్ల కొంగలు (పెయింటెడ్ స్టార్క్), గూడబాతులు తలెత్తితే కనిపిస్తాయి. అక్కడ తెలిసినవాళ్లుంటే గట్టు దిగి ఇంకా ముందుకి కూడా పోవచ్చు.

ఉప్పలపాడు అల్లుడు
జనవరి 9, ఉదయం 6.20

'తెలిసినవాళ్లుంటే' అంటే ఏంటి సార్? మా అత్తగారి ఊరే అది. గట్టు దిగితే మా మామగారే మొదట అరుస్తారు. ఆ తర్వాత ఊరంతా.

చెరువులో సర్కారు తుమ్మ చెట్లు చాలక ఇనుప స్టాండ్లు కూడా వేశారు. వాటి మీదా గూళ్లు పెట్టుకున్నాయి. ఒడ్డున చూసేందుకు ఏర్పాట్లున్నాయి. ఊళ్లో ట్రాక్టర్లు తిరుగుతాయి, పిల్లలు క్రికెట్ ఆడతారు, గుడి మైకు మోగుతుంది, కొంగలు పట్టించుకోవు. కానీ ఒక రోజు బయట నుంచి ఒక బ్యాచ్ వచ్చి డ్రోన్ లేపారు. చెరువంతా ఒక్కసారి లేచిపోయింది. పెద్ద పక్షులు తిరిగొచ్చేలోపు కాకులు గూళ్ల మీద వాలాయి. ఒక కాకి గుడ్డు ఎత్తుకుపోవడం మేడ మీద నుంచి నేనే చూశాను. డ్రోన్ వాళ్లకి మాత్రం వీడియో సూపర్‌గా వచ్చిందంట.

సైడ్ బెర్త్
జనవరి 9, ఉదయం 7.05

గుడి మైకుకి లేవని కొంగ డ్రోన్‌కి లేచిందంటే దానికీ టేస్టుంది.

కృష్ణవేణి జి
జనవరి 9, ఉదయం 8.30

సైడ్ బెర్త్ గారి జోకులోనే విషయం ఉంది. మైకు, ట్రాక్టరు, మనుషులు ఆ కొంగలు గూడు కట్టక ముందు నుంచే ఉన్నాయి. అవన్నీ చూసుకునే అవి ఆ చోటు ఎంచుకున్నాయి. డ్రోన్ తల మీద నుంచి వస్తుంది. గద్ద వచ్చేదీ అటు నుంచే. అందుకే 'ఎన్ని మీటర్లు' అని ఎవరడిగినా నా దగ్గర అంకె లేదు. ఉప్పలపాడులో దారి మీద నిలబడితే పర్లేని దూరం నేలపట్టులో చాలా ఎక్కువ చొరవ అవుతుంది. అక్కడ గూళ్లున్నది నీళ్ల మధ్యలో, మనుషులు రారన్న ధీమాతో.

జువాలజీ చెప్పేదాన్ని కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ఎర్రకాళ్ల కొంగ గుడ్లు దాదాపు నెల రోజులు పొదుగుతుంది. పిల్లలు రెండు నెలల దాకా గూట్లోనే ఉంటాయి. మొదట్లో తెల్లటి నూగు, ఒంటి మీద ఎండ ఆపే ఈక ఉండదు. ఎండెక్కాక తల్లో తండ్రో సూర్యుడి వైపు వీపు పెట్టి రెక్కలు చాపి నిలబడుతుంది, ఆ నీడలో పిల్లలు నక్కుతాయి. ఒక్కోసారి నోట్లో నీళ్లు తెచ్చి పిల్లల మీద కుమ్మరిస్తుంది. ఈ రెండూ అద్భుతమైన ఫోటోలు. మీరు దగ్గరకి పోయి పెద్ద పక్షి లేచిపోతే ఈ రెండూ ఉండవు, ఫోటోకీ ఉండవు, పిల్లకీ ఉండవు.

కాబట్టి పిల్ల మీద ఫోకస్ పెట్టే ముందు పెద్ద పక్షిని చూడండి. ఈకలు దువ్వుకుంటూనో, ఒంటికాలి మీద కునికిపాట్లు పడుతూనో ఉంటే మీరు అక్కడ లేనట్టే లెక్క. మెడ నిటారుగా లేపి మీ వైపే చూస్తోందా, గూటి అంచుకి జరిగిందా, అప్పటికే మీరు దాటాల్సిన చోటు దాటారు. వెనక్కి రండి. లేచాక వెనక్కి రావడం కాదు, లేవక ముందే.

ఇంకోటి చాలామందికి తెలియదు. ఎర్రకాళ్ల కొంగ పిల్లలకి భయం వేస్తే తిన్న చేపల్ని కక్కేస్తాయి, గూటి అడుగుకి అంటుకుపోయి చచ్చిపోయినట్టు పడుంటాయి. ఫోటోగ్రాఫర్ 'పిల్ల ప్రశాంతంగా నిద్రపోతోంది' అని క్యాప్షన్ పెడతాడు. ఆ పూట మేత మళ్లీ తేవాలంటే పెద్ద పక్షి ఇంకో చెరువు దాకా పోయి రావాలి.

నెల్లూరు నాని
జనవరి 9, మధ్యాహ్నం 1.10

మేడం, చాలా థ్యాంక్స్. నాకు ఇవేవీ తెలియవు. మేత పెట్టేటప్పుడు నోట్లో నోరు పెడుతుందా? ఆ క్షణం ఎలా పట్టుకోవాలి?

కృష్ణవేణి జి
జనవరి 9, సాయంత్రం 4.45

ఎర్రకాళ్ల కొంగ నోట్లో పెట్టదు నాని గారూ. వచ్చి గూటి మీద వాలుతుంది. పిల్లలు రెక్కలు సగం విప్పి, తలలు పైకీ కిందకీ ఊపుతూ ఒకటే గోల. పెద్ద పక్షులకి పెద్దగా గొంతు లేదు, ముక్కులు టకటకలాడిస్తాయి. అందుకే కొంగల చెరువు దగ్గర మనకి వినిపించే కేకలు ఎక్కువగా పిల్లలవే. తల్లి మెడ వంచి, గొంతులోంచి చేపల్ని గూటి నేల మీద కక్కుతుంది. పిల్లలు ముక్కులతో ఏరుకుంటాయి. అందరి ముక్కులూ కిందకే ఉంటాయి కాబట్టి గూడు మీకంటే ఎత్తులో ఉంటే ఏమీ కనిపించదు. నేలపట్టు టవర్ దూరమైనా ఎత్తు కలిసొస్తుంది.

గూడబాతు వేరు. దాని పిల్ల ఏకంగా తల్లి గొంతు సంచిలోకి తల దూర్చేస్తుంది. బయటకి మెడ వెనక భాగం ఒక్కటే కనిపిస్తుంది. మొదటిసారి చూస్తే మింగేస్తోందేమో అని టెన్షన్ పడతాం.

పులికాట్ పంతులు
జనవరి 9, రాత్రి 8.50

మేడం పక్షి సంగతి చెప్పారు, నేను కెమెరా సంగతి చెబుతాను.

పెద్ద పక్షి ఎప్పుడూ గాలికి ఎదురుగా వాలుతుంది. చలికాలం మన కోస్తాలో గాలి ఈశాన్యం నుంచి. పొద్దున వెలుతురు తూర్పు నుంచి. అంటే పొద్దున్నే గూళ్లకి తూర్పు వైపు చోటు దొరికితే గాలీ నీ వీపు వెనకే, ఎండా నీ వీపు వెనకే. మేత తెచ్చే పక్షి నీకు ముఖం చూపిస్తూ, కాళ్లు ముందుకి చాపి దిగుతుంది. సాయంత్రం పడమర వైపు నిలబడ్డావా, ఎండ బాగానే ఉంటుంది కానీ దిగేవన్నీ తోకలు చూపిస్తాయి.

వాలేటప్పుడు షట్టర్ స్పీడు 1/2000 ఉండాలి. గూట్లో మేతకి 1/640 చాలు, అపర్చర్ 8 పెట్టు, ముందూ వెనకా ఉన్నవి కూడా ఫోకస్‌లో పడతాయి. మూడు పిల్లలుంటే మూడూ ఒకే వరసలో కూర్చోవు. తెల్ల ఒళ్లు కాబట్టి ఎక్స్‌పోజర్ మైనస్ 0.7కి దించు, లేకపోతే ఈకల గీతలు మాయమై సున్నం పూసినట్టు వస్తుంది. తొమ్మిది దాటాక నీళ్ల మీద వేడి గాలి ఆడుతుంది. అప్పుడు దూరం నుంచి ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా బొమ్మ మసకే. చాలామంది లెన్స్ బాగాలేదని సర్వీసుకిస్తారు. మబ్బు పట్టిన రోజైతే మధ్యాహ్నం దాకా తీసుకోవచ్చు. కెమెరాలో సైలెంట్ షట్టర్ ఉంటే పెట్టు. ఫ్లాష్ ఇంట్లో పెట్టి రా.

లెన్స్‌లవర్
జనవరి 9, రాత్రి 9.30

అంతా బాగుంది కానీ మనం మరీ అతి చేస్తున్నామేమో. ఉప్పలపాడులో రోజూ ఎంతమంది వస్తున్నారు, కొంగలు ఎక్కడికీ పోలేదు కదా? అడ్డంగా ఉన్న ఒక చిన్న కొమ్మ పక్కకి వంచితే ఏం మునిగిపోతుంది? విదేశాల్లో చేతికందే దూరంలో గూళ్లు తీస్తారు. ఫ్లోరిడా ఫోటోలు చూడండి, పిల్ల కంటి రెప్ప కూడా లెక్కపెట్టొచ్చు.

ఫ్లోరిడా ఫణి
జనవరి 10, ఉదయం 7.15

నన్నే పిలిచినట్టుంది. నేనుండేది జాక్సన్‌విల్, సెయింట్ ఆగస్టీన్ అలిగేటర్ ఫామ్ గంటలోపు ప్రయాణం. లెన్స్‌లవర్ గారు చెప్పే ఫోటోల్లో చాలావరకు అక్కడివే అయి ఉంటాయి. 1893లో మొదలైన మొసళ్ల పార్కు అది. మొసళ్ల మడుగు పైనున్న చెట్లలో కొంగలు వాటంతటవే వచ్చి గూళ్లు పెట్టాయి. ఎవరూ తెచ్చి పెట్టలేదు. గ్రేట్ ఇగ్రెట్, స్నోయీ ఇగ్రెట్ (రెండూ తెల్ల కొంగలే), ట్రైకలర్డ్ హెరాన్, రోజియేట్ స్పూన్‌బిల్, వుడ్ స్టార్క్. వుడ్ స్టార్క్ అంటే మన ఎర్రకాళ్ల కొంగకి దగ్గర చుట్టం, ఒకే ప్రజాతి.

మొసళ్ల మీద గూడెందుకంటే, అక్కడ గుడ్లు దొంగిలించేది రకూన్‌లు అనే అడవి జంతువులు. చెట్టెక్కి గూళ్లు ఖాళీ చేస్తాయి. కింద మొసళ్లు ఈదుతుంటే రకూన్ రాదు. ఈ కాపలాకి జీతం కూడా ఉంది. గూట్లోంచి జారిపడిన పిల్ల మొసలికే. కళ్ల ముందు పడుతుంది, చూడ్డానికొచ్చిన చిన్నపిల్లలు ఏడుస్తారు, ఎవరూ ఏమీ చేయరు.

మధ్యలో చెక్కల వంతెన. ఏ ఏడు చూసినా అదే వంతెన, అదే ఎత్తు, జనం దాని మీదే నడుస్తారు. కొన్ని గూళ్లు నిజంగా చెయ్యి చాపితే అందేంత దగ్గర, 70-200 లెన్స్ చాలు. కానీ కట్టుకున్నప్పుడే ఆ కొంగకి వంతెన తెలుసు. వంతెన కొంగ దగ్గరకి పోలేదు, కొంగే వంతెన దగ్గరకి వచ్చింది. అదే ఇగ్రెట్ ఇక్కడి చిత్తడి నేలల్లో వేరే దీవి మీద ఉంటే, పడవ దూరంగా కనిపించగానే లేస్తుంది. అలాంటి చాలా దీవుల చుట్టూ గూళ్ల కాలంలో పడవలు రాకూడదని బోర్డులు పాతుతారు.

వంతెన మీద రెయిలింగ్ దాటి చెయ్యి చాపితే బయటకి పంపేస్తారు. కొమ్మ వంచడం అనే మాటే లేదు.

పులికాట్ పంతులు
జనవరి 10, ఉదయం 8.40

ఫణి బాబూ, మంచి మాట చెప్పావు. అదే ఫ్లోరిడాలో ఒకప్పుడు ఆడవాళ్ల టోపీల మీద పెట్టే ఈకల కోసం కొంగల్ని గూళ్ల మీదే కాల్చేవాళ్లు. గూళ్ల కాలంలోనే ఆ ఈకలు అందంగా పెరుగుతాయి కదా మరి. పెద్దవి చస్తే పిల్లలు ఆకలితో పోయేవి. వాటికి కాపలా ఉన్న గై బ్రాడ్లీ అనే వార్డెన్‌ని 1905లో కాల్చి చంపేశారు. మన దగ్గర అంతటి కథ లేదు కానీ పోగొట్టుకున్నవి ఉన్నాయి. 1946లో నీలకంఠన్ అనే పక్షి శాస్త్రవేత్త పశ్చిమ గోదావరిలో ఆరేడు దగ్గర గూడబాతుల గూళ్లు కనిపెట్టారు, వేల పక్షులు. ఆ గూళ్ల కాలనీ తర్వాత చెదిరిపోయింది. ఇప్పుడు కొల్లేరులో గూడబాతు పిల్లలు చూడాలంటే ఆటపాకలో ఇనుప స్టాండ్ల మీద చూడాలి.

లెన్స్‌లవర్ గారూ, కొమ్మ విషయం. ఆ కొమ్మ మీ ఫ్రేముకి అడ్డం, పిల్లకి గొడుగు. పై నుంచి గద్దకి కూడా అడ్డం.

కృష్ణవేణి జి
జనవరి 10, ఉదయం 10.05

చట్టం కూడా చూద్దాం. 1972 వన్యప్రాణి చట్టంలో 'వేట' అన్న మాటకి ఇచ్చిన అర్థంలోనే పక్షుల గుడ్లనీ గూళ్లనీ కదిలించడం కూడా ఉంది. తుపాకీ పట్టక్కర్లేదు. అభయారణ్యంలో ఫోటోలకి అనుమతి విషయం గేటు దగ్గరే అడిగి తెలుసుకోండి. ఇక పోటీలకి పంపాలనుకునేవాళ్లకి: గూటి ఫోటోలు అసలు తీసుకోని పోటీలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. ఫీజు కట్టే ముందు రూల్స్ చదవండి.

'పక్షులు ఎక్కడికీ పోలేదు కదా' అన్న దానికి. ఎర్రకాళ్ల కొంగ గుడ్లు పెట్టాక అంత తేలిగ్గా పోదు, పిల్లలున్నాయి కాబట్టి భరిస్తుంది. పోయేది వచ్చే ఏడు. అప్పుడు ఎవరూ ఏ ఫోటోగ్రాఫర్నీ గుర్తుపెట్టుకుని అడగరు.

లెన్స్‌లవర్
జనవరి 10, సాయంత్రం 6.20

సరే మేడం, కొమ్మ మాట వదిలేద్దాం. కానీ గూటి ఫోటోలే వద్దనే పోటీల రూల్ నాకు నచ్చదు. నేలపట్టు టవర్ మీద నుంచి ప్రభుత్వమే చూపిస్తున్న గూడు తీస్తే తప్పేంటి? దూరం పాటించినవాడికీ గట్టు దిగినవాడికీ ఒకటే శిక్షా?

పులికాట్ పంతులు
జనవరి 10, రాత్రి 7.30

ఈ మాటలో న్యాయం ఉంది. టవర్ నుంచి తీసిన కొంగల చెరువు ఫోటోనీ, పొదలో ఆకులు తప్పించి తీసిన పిచ్చుక గూటినీ ఒకే గాటన కట్టకూడదనే నేనూ అంటాను. కానీ జడ్జి ముందున్నది ఫోటో ఒక్కటే. నువ్వు ఎక్కడ నిలబడ్డావో అందులో కనిపించదు.

సైడ్ బెర్త్
జనవరి 10, రాత్రి 7.41

నాని గారూ, పండగ అరిసెలు టవర్ మీద తినకండి. నేలపట్టు కోతుల సంగతి గ్యారంటీ ఇవ్వలేను గానీ తోటి ఫోటోగ్రాఫర్లు మాత్రం వదలరు.

ఉప్పలపాడు అల్లుడు
జనవరి 11, ఉదయం 6.50

ఇంకో విషయం ఎవరూ అనలేదు. పిల్ల కింద పడితే ఏం చేయాలి? మా ఊళ్లో జనం కాపలా వాళ్లకి చెప్తారు. మీరు పట్టుకుని బిస్కెట్లు, పాలు పెట్టకండి, అది చేపలు తినే జీవి. ఎత్తి మళ్లీ గూట్లో పెడతానని చెట్టెక్కకండి. పక్క గూళ్లన్నీ లేచిపోతాయి. కర్ణాటకలో కొక్కరె బెళ్లూరు అని ఒక ఊరుంది, ఇళ్ల మధ్య చెట్ల మీదే గూడబాతులు. పడిపోయిన పిల్లల్ని అక్కడ దొడ్డి కట్టి పెంచుతారు. కానీ అది అలవాటున్న ఊరి పని, టూరిస్టుల పని కాదు.

ఫ్లోరిడా ఫణి
జనవరి 11, ఉదయం 7.30

కొంగ పిల్లల కొట్లాట గురించి కూడా నానికి ముందే చెప్పాలి. ఇగ్రెట్‌లు మొదటి గుడ్డు పెట్టగానే పొదగడం మొదలెడతాయి. అందుకని పిల్లలు ఒకేసారి బయటకి రావు, పెద్దది ముందే బలుస్తుంది. మేత తక్కువైతే చిన్నదాన్ని తల మీద పొడుస్తూనే ఉంటుంది, ఒక్కోసారి చచ్చేదాకా. తల్లి పక్కనే నిలబడి చూస్తుంది, అడ్డుకోదు. వ్యూఫైండర్‌లో అది చూడటం కష్టం. తీయాలా వద్దా మీ ఇష్టం, నేను తీస్తాను. కొంగ పిల్ల అంటే ముద్దు మూట మాత్రమే కాదు కదా.

నెల్లూరు నాని
జనవరి 16, రాత్రి 8.15

నేలపట్టు వెళ్లొచ్చాను. పొద్దున్నే టవర్ ఎక్కాను. పంతులుగారు చెప్పినట్టే గాలి వీపు వెనక నుంచి వచ్చింది, గూడబాతులు ఎదురుగా దిగాయి. తొమ్మిదిన్నరకల్లా మసక మొదలైంది, సర్దేశాను.

ఒక ఫోటో పెడుతున్నాను, క్రాప్ చేసింది. గూట్లో మూడు పిల్లలు, బూడిద రంగు ఒళ్లు, ముక్కు పొట్టిగా దిట్టంగా ఉంది. పక్కన నిలబడ్డది నత్తగుల్ల కొంగ అనుకుంటా, ముక్కు మధ్యలో సందు స్పష్టంగా ఉంది. కానీ పిల్లల ముక్కుల్లో సందు లేదు, నిండుగా మూసుకున్నాయి. వేరే పక్షి పిల్లలా ఇవి? గూళ్లు మారిపోయాయా?

కృష్ణవేణి జి
జనవరి 16, రాత్రి 9.00

దాని పిల్లలే. నత్తగుల్ల కొంగకి ఆ సందు పుట్టుకతో రాదు. పెరిగేకొద్దీ ముక్కు వంపు తిరిగి మధ్యలో ఖాళీ వస్తుంది. పెద్ద పక్షి ముక్కు కొన దగ్గర జూమ్ చేయండి, కింది ముక్కు కొన కాస్త పక్కకి వంగి కనిపిస్తుంది. గుల్ల లోపల నత్తని కోసి లాగడానికి అది పనికొస్తుంది. మంచి ఫోటో. పెద్దదీ పిల్లలూ ఒకే ఫ్రేములో ఉండి, రెండు ముక్కులూ పోల్చుకునేలా పడటం తరచుగా జరగదు. పెద్ద పక్షి ఒంటికాలి మీద ఉంది, అది నాకు ఇంకా నచ్చింది.

లెన్స్‌లవర్
జనవరి 16, రాత్రి 9.20

బఠాణీ గింజ మాట వెనక్కి తీసుకోను గానీ ఫోటో బాగుంది. సెట్టింగ్స్ పెట్టు తమ్ముడూ. ఒరిజినల్‌లో ఎంత కోసేశావు?

నెల్లూరు నాని
జనవరి 16, రాత్రి 9.35

600 దగ్గర, 1/1000, అపర్చర్ 8, ఐఎస్ఓ 800, మైనస్ 0.7. ముప్పావు వంతు కోసేశానన్నా. మార్చిలోపు ఇంకోసారి పోతాను, అప్పటికి వీటికి సందు మొదలవుతుందా మేడం?

కృష్ణవేణి జి
జనవరి 16, రాత్రి 9.50

అప్పటికి ఇవి గూట్లో ఉండవు. నెల దాటితే ఎగిరిపోతాయి. సందు చూడాలంటే పొలాల్లో నీళ్లున్న చోట వెతకండి. కుర్ర పక్షులు అక్కడే నత్తలు ఏరుకుంటుంటాయి.